ద్వీపాంతరం పోయినవాడి బాకీ

హైదరాబాదులో లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీ వైపు పోయే దారిలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాల దగ్గర్నుంచి నిజాం సర్కారు దఫ్తర్ల దాకా అక్కడ భద్రపరిచారు. ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూ. చాలావాటిది షికస్తా అనే గొలుసుకట్టు రాత, దాన్ని చదవగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఆ కాగితాల్లోనూ, చెన్నై ఎగ్మోర్‌లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లోనూ, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ మన ఇళ్లలో ఎవరూ పేరెత్తని మనుషులు కొందరున్నారు. కోర్టు శిక్ష వేసి సముద్రం దాటించిన మనుషులు. వాళ్ల గురించి ఇంట్లో మిగిలేది ఒక్క మాట: సర్కారు పట్టుకుపోయింది, మళ్లీ రాలేదు. ఆ మాట పట్టుకుని మునిమనవడో మునిమనవరాలో వెతికి వెతికి తీర్పు కాగితం బయటికి తీశారనుకుందాం. అందులో హత్య అనో, బందిపోటు అనో, రాజద్రోహం అనో రాసి ఉంది. ఇప్పుడు ఆ వారసుడికి ఏం సంక్రమించినట్టు? ఆ పాపంలో పాలా, ఆ తెగువలో పాలా? రెండూ కాకపోతే ఆ కాగితంతో పనేముంది? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రకారుల దగ్గర దొరకదు, మతాల దగ్గరే వెతుక్కోవాలి. నా జవాబు ముందే చెప్తాను. పూర్వీకుడి శిక్ష కిందితరానికి దిగిరాదు. అతని కీర్తీ దిగిరాదు. దిగివచ్చేది బాకీ ఒక్కటే. ఆ మనిషిని, చేసింది చేసినట్టుగా, వంశంలో తిరిగి చేర్చాల్సిన బాకీ.

ద్వీపాంతరవాసం అనగానే మనకు అండమాన్ గుర్తొస్తుంది. కానీ ఆ శిక్ష అంతకుముందు నుంచే ఉంది. ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దం చివరికే బెంకూలెన్‌కు, పినాంగ్‌కు ఖైదీలను ఓడలెక్కించింది. ఆ తర్వాత మారిషస్, సింగపూర్, మలక్కా, బర్మా తీరం. ఇంకోపక్క బ్రిటన్ 1788 నుంచి 1868 దాకా తన సొంత మనుషుల్ని లక్షా అరవై వేల మందికి పైగా ఆస్ట్రేలియాకు తోలింది. మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టులు సముద్రం దాటించినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టింది భారతీయ ఖైదీలే. లోపలి గోడలకు పూసినది మద్రాసు గచ్చు: గవ్వసున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి నూరి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్లతో పదును చేసి, గోడకు పట్టించి, ఆరాక పలుగురాయితో నునుపు తేలేదాకా రుద్దారు. ఆ పని చేసిన చేతుల్లో ఏ చేయి ఏ ఊరిదో గోడ చెప్పదు. ఖైదీల జాబితా చెబుతుంది. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, నేరం, శిక్ష. అండమాన్‌లో అయితే మెడలో కొయ్యబిళ్ల ఒకటి వేలాడేది. దాని మీద నంబరు, శిక్షాస్మృతి సెక్షను, శిక్ష పడిన తేదీ. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలివి. కానీ తర్పణం విడిచేటప్పుడు అడిగేవి కూడా ఇంచుమించు ఇవే కదా: మనిషి పేరు, అతని తండ్రి పేరు, ఆ పైవాడి పేరు. జైలు గుమాస్తా తన అవసరానికి రాసిన వరుసలో, ఇంటివాళ్లు నోరు కట్టుకుని పోగొట్టుకున్న పేరు నిలిచి ఉంది.

నా మాటకు మొదటి అడ్డు శాస్త్రంలోనే ఉంది, దాన్ని దాటవేసి లాభం లేదు. మనుస్మృతి నాలుగో అధ్యాయం అధర్మం గురించి ఒక హెచ్చరిక చేస్తుంది: చేసినవాడికి తగలకపోతే కొడుకులకు, వాళ్లకూ తగలకపోతే మనవలకు తగులుతుందని. బైబిల్లో నిర్గమకాండం కూడా తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వెంటాడుతుందని అంటుంది. ఇంత స్పష్టంగా ఉంటే పాపం దిగిరాదని ఎలా అంటావని ఎవరైనా అడగొచ్చు. అయితే అదే మనుస్మృతి, అదే నాలుగో అధ్యాయం, కొద్ది దూరం పోయాక ప్రాణి ఒంటరిగా పుడుతుందనీ, ఒంటరిగా పోతుందనీ, చేసిన మంచిచెడ్డల్ని ఒంటరిగానే అనుభవిస్తుందనీ చెబుతుంది. బైబిల్లోనే యెహెజ్కేలు 18వ అధ్యాయం తండ్రి దోషాన్ని కొడుకు మోయడని తేల్చేస్తుంది. ఖురాన్ ఒకరి బరువు మరొకరు మోయరని ఒక్కచోట కాదు, పలుచోట్ల అంటుంది. మూడు గ్రంథాల మాటా ఒకచోటికే చేరడం ఊరికే జరిగింది కాదు. మొదటి రకం మాటలు ఎవరిని ఉద్దేశించినవో చూడాలి. అవి తప్పు చేయబోయేవాడికి వేసిన భయం. నీ పిల్లల ముఖం చూసైనా ఆగు అని చెప్పడం. రెండో రకం మాటలు పుట్టిన పిల్లవాడి గురించి ఇచ్చిన తీర్పు. బెదిరింపును తీసుకుపోయి తీర్పు స్థానంలో కూర్చోబెడితే శాస్త్రం చెప్పనిది మనం చెప్పినట్టే.

అంతకంటే గట్టి సాక్ష్యం అప్పుల అధ్యాయంలో ఉంది. మన ధర్మశాస్త్రంలో తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి. తీర్చకపోతే తండ్రికి గతులుండవని నమ్మేవాళ్లు. ఈ బాధ్యతను బ్రిటిష్ కోర్టులూ, ఆ తర్వాత మన కోర్టులూ చాలాకాలం అమలు చేశాయి. 2005 సవరణతోనే అది చట్టంలోంచి పోయింది. కానీ ఆ నియమానికి మినహాయింపులున్నాయి. తాగుడు కోసం, జూదం కోసం చేసిన అప్పు కొడుకు తీర్చనక్కర్లేదు. కట్టకుండా మిగిలిపోయిన దండుగ కూడా తీర్చనక్కర్లేదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహార అధ్యాయం ఈ మాట తేటగా చెబుతుంది. అంటే శాస్త్రకర్తలు రెంటినీ ఎదురెదురుగా పెట్టుకుని ఆలోచించి మరీ విడదీశారన్నమాట. అప్పు దిగివస్తుంది, దండన దిగిరాదు. ద్వీపాంతరం పోయినవాడి విషయంలో ఇంతకంటే సూటి అయిన ఆధారం నాకు కనిపించలేదు.

ఇంకో మెట్టు ముందుకు పోతాను. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం, పాపం చేసి రాజు చేత దండన పొందినవాళ్లు నిర్మలులై, పుణ్యాత్ములు పోయే చోటికే పోతారని అంటుంది. మనుస్మృతిలో నేటి మనిషి ఒప్పుకోలేనివి ఎన్నో ఉన్నాయి. పుట్టుకను బట్టి దండన మార్చే నియమాలు అందులోవే. ఈ మాట మాత్రం మన వారసుడికి పనికొచ్చేది. అతని ముందున్న కాగితం కేవలం నేరానికి సాక్ష్యం కాదు, శిక్ష అనుభవించాడనడానికీ సాక్ష్యం. పూర్వీకుడు నిజంగా తప్పు చేసి ఉంటే, శిక్షతో అది తీరింది. చేయకుండానే శిక్ష పడి ఉంటే, తీరాల్సింది మొదట్నుంచీ లేదు. ఆ దండన వేసిన రాజు ధర్మరాజా, పరాయిరాజా అనే మీమాంస ఎటు తేలినా కొడుకు మీదికి పాకే శేషం ఏదీ మిగలదు.

మరి ఆ పేరును ఇంట్లోంచి ఎందుకు తీసేశారు? సముద్రయానం పతనహేతువుల్లో ఒకటని బౌధాయన ధర్మసూత్రం నాటికే ఉంది. సంకెళ్లతో, ఎవరు వండిందో తెలియని కూడు తింటూ ఓడలో పోయినవాడు అక్కడే కులం పోగొట్టుకున్నాడని లెక్క. కాలాపానీ భయంలో సగం ఇదే, తెల్లదొరకూ ఇది తెలుసు. పతితుడైనవాణ్ని బతికుండగానే చనిపోయినట్టు లెక్కగట్టే తంతు ఒకటి మనుస్మృతి 11వ అధ్యాయంలో ఉంది. సాయంకాలం వేళ, ఊరి బయట, దాయాదులంతా చూస్తుండగా దాసి ఒకతె నీళ్లకుండను కాలితో తన్ని ఒలకబోస్తుంది. ఆ రాత్రీ పగలూ మైల. ఆపైన అతనితో మాట లేదు, పంక్తి లేదు, వాటా లేదు. మన కులపంచాయతీల వెలి కూడా వేరే రూపంలో ఇదే పని చేసింది. అయితే జనం మరిచిపోయిన రెండో సగం అదే అధ్యాయంలో అక్కడే ఉంది. ప్రాయశ్చిత్తం అయ్యాక బంధువులంతా అతనితో కలిసి పుణ్యతీర్థంలో మునిగి, నీళ్లు నిండిన కొత్తకుండను ఆ నీటిలో వేయాలి. పాతకుండ తన్నిన కుటుంబానికి కొత్తకుండ పట్టుకొచ్చే విధీ ఉంది. అండమాన్‌లోనో సింగపూర్‌లోనో పోయినవాడి విషయంలో మొదటి సగమే జరిగి ఆగిపోయింది. రికార్డు వెతికి పేరు తెచ్చే మునిమనవరాలు ఆ రెండో సగాన్ని పూర్తి చేస్తోందని నేనంటాను. దీనికి ఆమె ఎవరి అనుమతీ తెచ్చుకోనక్కర్లేదు.

ఇక కీర్తి సంగతి. ఆస్ట్రేలియాలో తాతముత్తాతల్లో ఖైదీ ఉన్నాడంటే చాలాకాలం తలవంపు. ఆ మచ్చ కనపడకుండా కుటుంబాలు పుట్టుక వివరాలే మార్చి చెప్పుకున్నాయి. ఇప్పుడు అదే గొప్ప. మొదటి ఓడల గుంపులో వచ్చిన ఖైదీకి వారసులమని చెప్పుకోవడం ఒక హోదా. ఆ దేశపు ఖైదీల రికార్డులు 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. సిగ్గు పోవడం మంచిదే. కానీ గర్వంలో ఉన్నదీ సిగ్గులో ఉన్న పొరపాటే: తాత చేసినది నాలో ఉందనుకోవడం. మన దగ్గర దీనికి ఇంకో రూపం ఉంది. అండమాన్ వెళ్లిన ప్రతివాణ్నీ స్వాతంత్ర్య యోధుణ్ని చేయాలన్న ఆత్రం. 1858 మార్చిలో అక్కడి ఖైదీల వలస మొదలైన తొలి రోజుల్లో తిరుగుబాటు ఖైదీలు ఎక్కువే. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడికి చేరినవాళ్లలో అత్యధికులు హత్య, బందిపోటు లాంటి నేరాలకు యావజ్జీవం పడ్డవాళ్లు.

హైదరాబాదు ఉదాహరణే చూద్దాం. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఆ భవనమే. దాడి తెల్లారేసరికి అణగిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. మౌల్వీని అదే ఏడాది అండమాన్ పంపారు. ఆయన మళ్లీ హైదరాబాదు చూడలేదు, అక్కడే పోయాడు. ఇంత నిజం సరిపోదన్నట్టు, ఆయన సెల్యులర్ జైలు మొదటి ఖైదీ అని పదేపదే రాస్తున్నారు. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసింది. 1859లో వెళ్లిన మనిషిని అందులో కూర్చోబెట్టడం ఆయన్ను గౌరవించడం కాదు. జైలు గోడలు ఇంకా లేని రోజుల్లో, అడవి నరికి, జ్వరాలతో జనం రాలిపోతుంటే ఆయన గడిపిన నిజమైన జీవితాన్ని తుడిచేయడం. గర్వం కోసం వెతికేవాడు కాగితంలో తనకు కావలసిందే చదువుకుంటాడు. బాకీ తీర్చడానికి వెతికేవాడు ఉన్నది చదువుతాడు. ఆయన మతం సంగతి తీసుకున్నా ఇదే లెక్క కుదురుతుంది. ముస్లిముల ఇళ్లలో ఫాతిహా చదివి ఆ పుణ్యం పోయినవాళ్లకు చెందాలని కోరుకుంటారు. ఆ ఆచారాన్ని ఒప్పుకోని పండితులున్నారు. కానీ ఒప్పుకున్నవాళ్లు కూడా పుణ్యం పంపొచ్చంటారే గానీ పాపం సంక్రమిస్తుందనరు. శ్రాద్ధంలోనూ అంతే. కొడుకు పెట్టింది తండ్రికి చేరుతుందంటే కర్మ చేతులు మారినట్టే కదా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: ఆ దారి కిందినుంచి పైకే.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వేరే చోటి నుంచి వస్తుంది, ఇక్కడ ఆగి వినాలి. తాత నేరం పాత కాగితంగా మిగిలిపోయినవాళ్లకు వెతుకులాట ఒక తీరిక వ్యవహారం. అది ఇప్పటికీ మెడకు చుట్టుకుని ఉన్నవాళ్ల మాటేమిటి? 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. ఎరుకల వాళ్లు పుట్టుకతోనే దొంగలని సర్కారు రాసిపెట్టుకుంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటును 1913 ప్రాంతంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే అనుమతి చీటీలు. 1952లో చట్టం రద్దయినా ఆ ఊరి పేరు చెబితే పోలీసు చూపు, సినిమా చూపు మారలేదు. పాపం కొడుకులకూ మనవలకూ తగులుతుందన్న బెదిరింపును అక్షరాలా అమలు చేసిన ప్రభుత్వం అది. ఆ ఊరి పిల్లవాడికి నీ ముత్తాత కేసు కాగితం వెతుక్కో, అది నీ బాకీ అని చెప్పడం ఏం న్యాయం?

ఈ ఆక్షేపణలో నిజముంది. వెతకాలా వద్దా అన్నది ఆ కుటుంబమే తేల్చుకోవాలి, బయటివాళ్లు వాళ్ల కాగితాలు తవ్వి పేర్లు అచ్చేయకూడదు. కానీ ఆ ఆక్షేపణే ఒక తేడాను బయటపెడుతోంది. సెటిల్మెంటు హాజరు పట్టీ, కోర్టు తీర్పు ఒక జాతి కాగితాలు కావు. హాజరు పట్టీ ఎవరు ఏం చేశారో చెప్పదు. ఎవరికి పుట్టారో చెప్పి వాళ్లను నేరస్థులంటుంది. కోర్టు తీర్పు ఎంత అన్యాయంగా రాసినదైనా ఫలానా మనిషి, ఫలానా రాత్రి, ఫలానా చోట, ఫలానా పని చేశాడని ఆరోపించక తప్పదు. సాక్షుల పేర్లు చెప్పక తప్పదు. ఒక నేరం, ఒక మనిషి. కర్మ సిద్ధాంతం అడిగేది కూడా సరిగ్గా ఇదే: చేసినవాడు ఒక్కడే. జాతి మొత్తానికి అంటగట్టిన నిందను విప్పాలంటే ఒక్కొక్క కేసుగా, ఒక్కొక్క పేరుగా విడదీయడం కంటే మేలైన దారి లేదు. పదిమంది ముత్తాతల కాగితాలు తీస్తే అందులో ఎందరి మీద అసలు కేసే లేదో, పుట్టుక ఒక్కటే కారణంగా ఎందరిని కంచె లోపల ఉంచారో తేలుతుంది. ఆ కాగితం వారసుడి మీద ఆరోపణ కాబోదు, సర్కారు మీద అతని చేతికొచ్చిన సాక్ష్యం అవుతుంది.

శిక్ష వేసినవాడు రాసిన కాగితాన్ని ఎలా నమ్మాలి అని ఇంకొందరంటారు. పూర్తిగా నమ్మనక్కర్లేదు. కానీ కొట్టిపారేయడమూ తప్పే. 1879 రంప తిరుగుబాటులో పట్టుబడినవాళ్లను చాలామందిని అండమాన్ పంపారు. వాళ్ల నేరం పేరు తీర్పుల్లో ఒకలా ఉంటుంది. అదే మద్రాసు ప్రభుత్వం రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివాన్‌ను విచారణకు పంపితే, ఆ కొండప్రాంతపు జమీందారైన మన్సబుదారు కొండవాళ్ల నుంచి చేసిన వసూళ్లు, కల్లుగీత మీద వేసిన చిగురుపన్ను బయటపడ్డాయి. మన్సబుదారును తొలగించారు. తీర్పు ఒక దస్త్రంలో, తీర్పుకు జవాబు మరో దస్త్రంలో, రెండూ ఒకే సర్కారువి. ఒకటి చదివి ఆగినవాడికి దొంగ కనిపిస్తాడు, రెండూ చదివినవాడికి మనిషి కనిపిస్తాడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర సంగతి తెలిసిందే. ద్వీపాంతర శిక్ష పడి అండమాన్ వెళ్లి, బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. తిరిగి రానివాళ్లకు ఆ అవకాశం లేదు కాబట్టే రెండో దస్త్రం వెతికే పని వారసుడి మీద పడుతుంది.

పరలోకాన్ని నమ్మని చార్వాకుల ప్రశ్న ఒకటుంది: ఇక్కడ పెట్టింది పోయినవాడికి అందేటట్టయితే, ఊరికి పోయేవాడికి చద్దిమూట కట్టడం దేనికని. ఆ ఆత్మ ఎప్పుడో వేరే జన్మ ఎత్తి ఉంటుంది, ఈ కాగితాలు ఎవరికి అని ఆస్తికులు కూడా అడగొచ్చు. అందుతుందో లేదో నేను వాదించను. అప్పు ఇచ్చినవాడు కనపడకుండా పోయినంత మాత్రాన అప్పు మాఫీ కాదు. మనిషి రుణాలతోనే పుడతాడన్న శతపథ బ్రాహ్మణం, పితృరుణం తీరేది సంతానంతో అంటుంది. సంతానం అంటే పేగుబంధం ఒక్కటే అయితే పశువులూ తీర్చేస్తాయి. మనిషి విషయంలో పేర్ల వరుస కూడా సాగాలి. పెత్రమాస నాడు తెలంగాణ ఇళ్లలో చాటలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టి పెద్దలకు బియ్యం ఇస్తారు. అయ్యగారు పేర్లడిగితే తాత పేరు, ముత్తాత పేరు చెబుతారు. అక్కడ ఒకడి పేరు మింగేస్తే ఆ వరుస అబద్ధం అవుతుంది. గయలో ఉరివల్ల, విషంవల్ల, ఆయుధంవల్ల పోయినవాళ్లకూ, దిక్కులేనివాళ్లకూ కలిపి పిండం పెడతారు కదా, అది చాలదా అంటే, అది పేరు తెలుసుకోలేనివాళ్ల కోసం. తెలుసుకునే దారి తార్నాకలోనో ఎగ్మోర్‌లోనో తెరిచి ఉన్నప్పుడు ఆ గుంపులో కలిపేయడం తప్పించుకోవడమే.

ఈ బాకీలో ఇంకో భాగముంది. దాని గురించి వంశవృక్షాలు గీసేవాళ్లు దాదాపు మాట్లాడరు. హత్య కేసులో తీర్పు కాగితం చంపినవాడి పేరే కాదు, చచ్చినవాడి పేరూ చెబుతుంది. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో, ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో, ఎవరు ముందుగా చూశారో. చాలాసార్లు ఆ మనిషి గురించి లోకంలో మిగిలిన రాత అదొక్కటే. అతని కుటుంబం ఆ కాగితం జోలికి ఎన్నడూ వచ్చి ఉండకపోవచ్చు. మన వారసుడు ఆ పాపాన్ని మోయక్కర్లేదని ఇంతసేపూ వాదించాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ అతను తన ముత్తాత పేరును చదివిన పుటలోనే ఈ రెండో పేరును కూడా చదివాడు. తర్పణంలో సొంత వంశంతో ఆగకుండా స్నేహితుడికీ గురువుకూ నీళ్లు విడిచే వరుస ఉంది, కొడుకుల్లేక పోయినవాళ్లందరికీ విడిచే వరుస ఉంది. చంపబడినవాడికి ఆ వరుసలో చోటు లేదని ఏ శాస్త్రమూ అనదు. ముత్తాత పేరు చెప్పి ఆ పేరు చెప్పకపోతే బాకీలో సగమే తీరినట్టు.